ర్యూజో ఓడకు రెండు పేజీలు ఇవ్వండి: సైన్సు పాఠ్యపుస్తకాలు రాసే పెద్దలకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

"విటమిన్ బి1 లోపిస్తే వచ్చే వ్యాధి ఏది?" అన్న ప్రశ్నకు తప్పు రాసిన పిల్లలు నా ముప్పై ఏళ్ల ఉద్యోగంలో పట్టుమని పదిమంది ఉండరు. నా పాఠం అంత బాగా ఎక్కుతోందని చాలాకాలం మురిసిపోయాను. ఒక ఏడాది ప్రశ్నను కొద్దిగా తిప్పి, బి1కు ఉన్న మరో పేరు వాడి, "థయమిన్ లోపిస్తే వచ్చే వ్యాధి?" అని ఇచ్చాను. సగం తరగతి ఆ గడిని ఖాళీగా వదిలేసింది. అప్పుడు తెలిసింది అసలు సంగతి. బి పక్కన బెరిబెరి ఇట్టే అతుక్కుంటుంది. ఇన్నేళ్లుగా నేను మార్కులు వేసింది ప్రాసకు.

ఆ రోజుల్లోనే ఒక అమ్మాయి లేచి నిలబడింది. "సార్, ఉన్నదాన్ని కనిపెట్టారంటే సరే. అన్నంలో లేనిదాన్ని ఎలా కనిపెట్టారు?" అని అడిగింది. "శాస్త్రవేత్తలు పరిశోధనలు చేసి కనిపెట్టారమ్మా" అని కూర్చోబెట్టాను. పట్టికలో తర్వాతి వరుస బి2. పాఠం ముందుకు సాగిపోయింది.

పదవీ విరమణ అయ్యాక, ఆ పిల్లకు బాకీ పడిన జవాబు వెతుక్కుంటూ పోతే ఒక యుద్ధనౌక దగ్గర తేలాను. మీరు రాసే తదుపరి పుస్తకంలో ఆ నౌకకు రెండు పేజీలు ఇమ్మని అడగడానికే ఈ లేఖ.

నౌక పేరు ర్యూజో. స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో తయారై జపాన్ నౌకాదళానికి చేరింది. 1882 డిసెంబరులో శిక్షణలో ఉన్న కుర్రవాళ్లను ఎక్కించుకుని బయలుదేరింది. న్యూజిలాండ్, అక్కడి నుంచి దక్షిణ అమెరికా తీరం, ఆ తర్వాత హవాయి, చివరికి ఇల్లు. తొమ్మిది నెలల ప్రయాణం. ఓడలో ఉన్నవాళ్లు 376 మంది. వాళ్లలో 169 మందికి బెరిబెరి వచ్చింది. 25 మంది చనిపోయారు. దారిలో యుద్ధం ఏదీ జరగలేదు.

బెరిబెరి అంటే ఏమిటో నేనూ పుస్తకంలో ఉన్న నాలుగు ముక్కలే చెప్పేవాణ్ణి. కాళ్లు బరువెక్కడంతో మొదలవుతుంది. పిక్కను పట్టి నొక్కితే మనిషి గిలగిలలాడిపోతాడు. పాదాలు తిమ్మిరెక్కి, కింద నేల ఉందో లేదో తెలియకుండా పోతుంది. మోకాలి చిప్ప కింద తట్టితే ఎగిరిపడవలసిన కాలు వేలాడుతూ ఉండిపోతుంది. తెరచాప తాళ్లు పట్టుకుని పైకి ఎగబాకవలసిన నావికుడు గోడ పట్టుకుని కూడా నడవలేడు. కొందరికి ఒళ్లంతా నీరు పడుతుంది, గుండె దడదడలాడుతుంది, పడుకుంటే ఊపిరి ఆడదు. అలాంటివాళ్లు పొద్దున పలకరిస్తే పలికి, రాత్రికి లేకుండా పోవచ్చు. దీనికంతటికీ మన పట్టికలో ఇచ్చిన చోటు రెండు సెంటీమీటర్లు.

హొనొలులు చేరేసరికి ఓడను నడపడానికి ఒంట్లో సత్తువ మిగిలినవాళ్లు చాలడం లేదు. అక్కడ లంగరు వేసి, బియ్యం పక్కన పెట్టి, మాంసం, కూరగాయలు, రొట్టె పెట్టడం మొదలుపెట్టారు. రోగులు కోలుకున్నారు. వచ్చినప్పుడు మంచాన ఉన్నవాళ్లు తిరుగు ప్రయాణంలో పని చేశారు.

జపాన్‌కు ఈ జబ్బు కొత్తది కాదు. వాళ్లు దీన్ని కక్కే అంటారు. పల్లెల నుంచి ఎదో నగరానికి, అంటే ఇప్పటి టోక్యోకు, వచ్చినవాళ్లు దీని బారిన పడేవారు. ఊరికి తిరిగిపోతే తగ్గిపోయేది. అందుకని ఎదో జబ్బు అని కూడా పేరు పడింది. మన చెవికి అది 'ఏదో జబ్బు' అని వినిపించినా ఫరవాలేదు, అప్పటికి ఎవరికీ అంతకు మించి తెలియదు. పల్లెలో బార్లీ, చిరుధాన్యాలు, పొట్టు పూర్తిగా పోని బియ్యం. నగరంలో మల్లెపువ్వు లాంటి తెల్లన్నం. 1866లో షోగన్, అంటే దేశాన్ని ఏలే సైనిక పాలకుడు, ఇయెమోచి ఈ జబ్బుతోనే పోయాడు, 1877లో ఆయన భార్య రాకుమారి కజు కూడా. మెయిజీ చక్రవర్తినీ ఇది వదల్లేదు. ఇక నౌకాదళం లెక్క చూడండి. 1882లో అందులో ఉన్నది 4,769 మంది, నమోదైన బెరిబెరి కేసులు 1,929. నూటికి నలభై. అలాంటి దళం శత్రువు కంటపడకముందే ఓడిపోతుంది.

ఇక్కడ వస్తాడు తకాకి కనెహిరో. నౌకాదళ వైద్యుడు. 1875 నుంచి 1880 వరకు లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రి కళాశాలలో చదివాడు. బ్రిటిష్ నౌకాదళంలో ఈ జబ్బు ఊసే లేదని అక్కడ గమనించాడు. తిరిగివచ్చాక మిగతా వైద్యులు "ఈ జబ్బు ఏమిటి" అని తలలు పట్టుకుంటుంటే ఈయన "ఎవరికి వస్తోంది, ఎవరికి రావడం లేదు" అని అడుగుతూ ఓడలు ఎక్కిదిగాడు. అధికారులకు అరుదు, మామూలు నావికులకు విస్తారం. అందరిదీ ఒకే ఓడ, ఒకే గాలి, ఒకే సముద్రం. పాత ప్రయాణాల రికార్డులు తిరగేస్తే ఓడ విదేశీ రేవులో ఆగి అక్కడి తిండి తిన్న రోజుల్లో జబ్బు వెనక్కి తగ్గినట్టు కనిపించింది. మిగిలింది వంటశాల.

నావికులకు ప్రభుత్వం బియ్యం ఉచితంగా ఇచ్చేది. కూరా నారకు మాత్రం చేతికి డబ్బు ఇచ్చేది. కుర్రవాళ్లు ఆ డబ్బు మిగుల్చుకుని, ఉత్త అన్నంతో కడుపు నింపుకునేవారు. వాళ్లను ఏమనగలం? ఇంటి దగ్గర తెల్లన్నమే భాగ్యం అనుకుని పెరిగినవాళ్లు. స్కాలర్‌షిప్పు డబ్బులో తిండి ఖర్చు తగ్గించుకుని ఇంటికి పంపే పిల్లలను నేను చూశాను, మీలో కొందరు అలా చదువుకునే ఉంటారు.

తకాకి చక్రవర్తి దాకా వెళ్లి మొర పెట్టుకున్నాడు. ర్యూజో వెళ్లిన దారిలోనే ఇంకో ఓడను పంపాలి, తిండి మాత్రం మార్చాలి. 1884 ఫిబ్రవరిలో త్సుకుబా బయలుదేరింది. (ఈ త్సుకుబా పుట్టిల్లు బర్మాలోని మౌల్మేన్. బ్రిటిష్‌వాళ్లు 1853లో అక్కడ నీటిలోకి దింపిన పాత ఓడ ఇది. తర్వాతి కాలంలో మన కోస్తా జిల్లాల వాళ్లు పొట్ట చేత పట్టుకుని వెళ్లిన రేవుల్లో మౌల్మేన్ ఒకటి.) ఓడలో 333 మంది. మాంసం, పాలు, రొట్టె, బార్లీ, కూరగాయలు. తొమ్మిది నెలలు దాటిన ప్రయాణం. జబ్బు పడినవాళ్లు పదిహేను మంది, అటూ ఇటూగా ఒకరిద్దరు. చావు ఒక్కటీ లేదు. జబ్బు పడినవాళ్లలో ఎక్కువమంది మాంసమో డబ్బా పాలో మాకు సయించదని పక్కకు నెట్టినవాళ్లు.

ఈ చివరి వాక్యం పుస్తకంలో ఉండి తీరాలి. పిల్లలు దాని దగ్గర ఆగాలి. మందు పని చేయని చోట మందు వేసుకోనివాళ్లు దొరికారు.

నౌకాదళం మొత్తానికి తిండి మార్చారు. నావికులు రొట్టెను అసహ్యించుకున్నారు, సముద్రంలోకి విసిరినవాళ్లూ ఉన్నారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. మన దగ్గర మధ్యాహ్నం భోజనంలో అన్నం తీసేసి బన్ను ఇచ్చి చూడండి! దాంతో 1885లో బియ్యంలో బార్లీ కలిపి వండటం మొదలైంది. ఆ ఏడాది 6,918 మందిలో కేసులు 41. మరణాలు లేవు. ఆ నౌకాదళ వంటశాలల నుంచే కూర కలిపిన అన్నం తమ దేశంలో ఇంటింటికీ చేరిందని యోకోసుకా ఊరివాళ్లు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. పిల్లలు పాఠం మరిచిపోయినా ఈ ముక్క మరిచిపోరు, చేర్చండి.

ఇంతవరకు రాసి ఆపేస్తే బాగుంటుందని మీకు అనిపిస్తుంది. ఒక వీరుడు, రెండు ఓడలు, ఒక విజయం. దయచేసి ఆపకండి. నాకు ఈ కథ మీద మోజు పుట్టింది ఇక్కడి నుంచే.

తకాకి చెప్పిన కారణం తప్పు.

ఆహారంలో నత్రజని తక్కువై, పిండిపదార్థం మితిమీరడం వల్ల ఈ జబ్బు వస్తుందని ఆయన నమ్మాడు. నత్రజని ఉండే మాంసకృత్తులు పెంచితే తగ్గుతుందన్నాడు. మాంసం పెట్టాడు, తగ్గింది. బార్లీ పెట్టాడు, తగ్గింది. తన లెక్క సరైనదనే అనుకున్నాడు. నిజానికి ఆ మాంసంలో, బార్లీలో నత్రజనితోపాటు కంటికి ఆనని ఇంకొకటి ఉంది. బియ్యాన్ని తెల్లగా చేసేటప్పుడు తవుడుతో పాటు కొట్టుకుపోయేది అదే. దానికి థయమిన్ అని పేరు పెట్టడానికి ఇంకా అర్ధశతాబ్దం పడుతుంది. మనం తిన్న పిండిపదార్థం శక్తిగా మారాలంటే అది కావాలి. ఒంట్లో నిల్వ ఉండేది కొద్ది వారాలకు సరిపడా మాత్రమే. అన్నం ఎంత ఎక్కువ తింటే దాని అవసరం అంత పెరుగుతుంది. ఉత్త తెల్లన్నం కడుపునిండా తిన్న నావికుడు అందుకే ముందు పడిపోయాడు.

ఆయన్ను ఎదిరించినవాళ్లను మీరు మూర్ఖులుగా చిత్రించకూడదని నా రెండో మనవి. ర్యూజో బయలుదేరిన 1882లోనే, మార్చి నెలలో, బెర్లిన్‌లో రాబర్ట్ కాఖ్ క్షయ సూక్ష్మజీవిని చూపించాడు. ప్రతి జబ్బుకూ ఒక క్రిమి ఉంటుంది, వెతికితే దొరుకుతుంది అన్న నమ్మకం వైద్యలోకాన్ని ఊపేస్తున్న కాలం. జపాన్ సైన్యం వైద్యులు, టోక్యో విశ్వవిద్యాలయం ఆచార్యులు జర్మన్ వైద్యాన్ని గురువుగా భావించినవాళ్లు. బెరిబెరి వేసవిలో పెరుగుతుంది, ఒకే చోట కిక్కిరిసి ఉండేవాళ్లను పట్టుకుంటుంది. అంటువ్యాధి లక్షణాలన్నీ ఉన్నాయి కదా! 1885లో ఒగాతా మసనోరి అనే ఆచార్యుడు ఆ క్రిమి దొరికిందని ప్రకటించాడు. కాఖ్ దగ్గర పని చేస్తున్న కితసాతో అనే జపాన్ పరిశోధకుడు అది కాదని తేల్చాడు. ఒగాతా ఒకప్పుడు కితసాతోకు పై అధికారి, అది వేరే గొడవ.

తకాకి ప్రయోగంలో కూడా సందులు ఉన్నాయి. రెండు ఓడలూ ఒక్కటి కావు, ఒకే ఏడాది వెళ్లలేదు, తిండిలో మార్చింది ఒక్క వస్తువు కాదు. ఎందుకు తగ్గిందో చెప్పమంటే ఆయన చెప్పిన లెక్క నిలబడలేదు. ఆ రోజుల్లో నేను సైన్యం వైద్యుణ్ణయి ఉంటే ఏ పక్షాన ఉండేవాణ్ణో ప్రమాణం చేసి చెప్పలేను.

సైన్యంలో మోరి రింతారో అనే వైద్యుడు ఉన్నాడు. ఒగాయ్ అన్న కలంపేరుతో జపాన్ సాహిత్యంలో మహారచయిత. ఆయన తెల్లన్నాన్ని, బార్లీ అన్నాన్ని, పాశ్చాత్య భోజనాన్ని ప్రయోగశాలలో తూచి, కొలిచి పోల్చాడు. తెల్లన్నమే మేలని తేలింది. కొలతలో మోసం లేదు. ఆయన కొలిచినవాటిలో అసలుది లేదు, అంతే. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు ఇంతకంటే దగ్గరగా నేను రాలేకపోయాను. ఉన్నదాన్ని భూతద్దం పెట్టి వెతకడం నేర్చినవాళ్లకు లేనిది కనిపించదు. తకాకికి అది కనిపించడానికి కారణం ఆయన భూతద్దం వదిలేసి, కంచాలు చూశాడు.

సైనికులకు రోజుకు ఆరు 'గో' (జపాన్ కొలత) తెల్లబియ్యం, అంటే దాదాపు 900 గ్రాములు, సైన్యం ఇస్తూనే ఉంది. 1904-05 రష్యా యుద్ధంలో ఆ సైన్యంలో దాదాపు రెండున్నర లక్షల మంది బెరిబెరి బారిన పడ్డారు. సుమారు 27 వేల మంది చనిపోయారు. అదే యుద్ధంలో నౌకాదళంలో ఈ జబ్బు దాదాపు లేదు. ర్యూజో తిరిగివచ్చి అప్పటికి ఇరవై ఏళ్లు దాటింది. ఈ రెండు దళాల అంకెలను పక్కపక్కన అచ్చువేయండి. వ్యాఖ్య అక్కర్లేదు.

తర్వాతి కథ కొంత మీ పుస్తకాల్లో ఉంది కాబట్టి క్లుప్తంగా. జావాలోని బటావియాలో (ఇప్పటి జకార్తా) ఐక్‌మన్ అనే డచ్ వైద్యుడు కోళ్లకు పాలిష్ బియ్యం మేపి అవి తూలిపడటం చూశాడు. 1901లో ఆయన సహచరుడు గ్రైన్స్, బియ్యంలో చెడు ఏదీ లేదు, పొట్టుతో పోయింది ఏదో ఉందని సరిగ్గా చెప్పాడు. 1910లో సుజుకి ఉమెతారో తవుడు నుంచి దాన్ని రాబట్టే పనిలో ఉన్నాడు. 1912లో ఫంక్ విటమిన్ అన్న మాటను వాడుకలోకి తెచ్చాడు. 1926లో ఆ పదార్థం స్ఫటికంగా దొరికింది, 1936లో కృత్రిమంగా తయారుచేశారు. 1929 నోబెల్ బహుమతి ఐక్‌మన్‌కు, హాప్కిన్స్‌కు వెళ్లింది. తకాకి 1920లోనే పోయాడు. జపాన్ ఆయనకు బేరన్ బిరుదు ఇస్తే జనం 'బార్లీ బేరన్' అని పిలుచుకున్నారు.

"జపాన్ కథ మన పిల్లలకెందుకు?" అని మీ సమావేశంలో ఎవరో ఒకరు అడుగుతారు. అడిగినవారికి 1835లో మద్రాసులో మాల్కమ్‌సన్ అనే వైద్యుడు బెరిబెరి మీద రాసిన గ్రంథం సంగతి చెప్పండి. తకాకి పుట్టడానికి పద్నాలుగేళ్ల ముందు మాట. అందులో ఈ జబ్బు విస్తారంగా ఉన్న ప్రాంతంగా కనిపించేది ఉత్తర సర్కారులు, అంటే మన కోస్తా తీరం. ఇరవయ్యో శతాబ్దంలో కూడా ఆ జిల్లాల్లో బెరిబెరి ఉంది. వాళ్లు తినేది పచ్చి బియ్యం, అది కూడా మర పట్టించింది. ధాన్యాన్ని ముందే ఉడికించి ఆరబెట్టి ఆడించిన ఉప్పుడు బియ్యం తినేచోట అంతగా లేదు. ఉడికేటప్పుడు పైపొరలోని బి1 గింజ లోపలికి ఇంకుతుంది, అందుకని మర దాన్నంతా ఊడ్చేయలేదు.

హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. పిల్లలు బస్సులో దాని ముందు నుంచి వెళ్తుంటారు. అది పుట్టింది 1918లో, కూనూరులో, ఒక్క గదిలో. మెకారిసన్ అనే బ్రిటిష్ వైద్యుడు దాన్ని మొదలుపెట్టినప్పుడు పెట్టిన పేరు బెరిబెరి విచారణ విభాగం. 1958లో హైదరాబాదుకు వచ్చింది. అంత పెద్ద సంస్థ పేరులో మొదట ఉన్న మాట ఇదేనని నాకు ఉద్యోగంలో ఉన్నంతకాలం తెలియదు.

మా ఇంట్లో బియ్యం మూడుసార్లు కడిగేవారు. ఆ కడుగు కుడితి తొట్టిలోకి. గంజి వార్చి అదీ తొట్టిలోకి. మిల్లు నుంచి తెచ్చిన తవుడు కూడా తొట్టిలోకే. లెక్క చూస్తే మా ఇంట్లో బి1 సమృద్ధిగా అందింది గేదెకు. పప్పు, పల్లీలు మమ్మల్ని కాపాడి ఉంటాయి.

ఇది తీరిపోయిన జబ్బు అనుకోవద్దు. తాగుడుకు బానిసైనవాళ్లలో డాక్టర్లు థయమిన్ లోపాన్ని ఇప్పటికీ చూస్తున్నారు. బాలింతకు కఠినమైన పథ్యం పెట్టి తెల్లన్నం తప్ప మరేదీ ముట్టనివ్వని ఇళ్లలో, పాలు తాగే పసిబిడ్డ గుండె ఉన్నట్టుండి నీరసించిపోయిన ఉదాహరణలు మన దేశంలోనే ఉన్నాయి. పదో తరగతి చదివే ఆడపిల్ల నాలుగేళ్లలో బాలింత కావచ్చు. మగపిల్లవాడు ఆ ఇంటికి సరుకులు తెచ్చేవాడు కావచ్చు.

పట్టికను తీసేయమని నేను అడగడం లేదు, పరీక్షలు ఉన్నాయి కదా. దానికి ముందు ఈ రెండు పేజీలు రావాలి. ఒక సముద్రపు పటం, దాని మీద రెండు ఓడల దారి, రెండు వరుసల అంకెలు. చివర ప్రశ్నలు మాత్రం నేను రాసినవి పరిశీలించండి.

ఒకటి: ర్యూజోలో ఎంత శాతం మందికి జబ్బు వచ్చింది? త్సుకుబాలో ఎంత శాతం? లెక్క కట్టండి.

రెండు: మీరు సైన్యం వైద్యులని అనుకోండి. తకాకి ప్రయోగంలో మీకు కనిపించే లోపాలు ఏమిటి?

మూడు: కారణం తప్పుగా చెప్పినా వైద్యం ఎందుకు ఫలించింది?

నాలుగు: మీ ఇంట్లో బియ్యం ఎన్నిసార్లు కడుగుతారు? గంజి వారుస్తారా, అన్నంలోనే ఇగరనిస్తారా? ఇంట్లో వంట చేసేవారిని అడిగి రాసుకురండి.

నాలుగో ప్రశ్నకు మార్కులు వేయకండి. వేస్తే పిల్లలు ఒకరిదొకరు చూసి రాస్తారు.

ఇట్లు
పదవీ విరమణ చేసిన ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయుడు